లండన్‌కు వచ్చే విద్యార్థులకు హెచ్చరిక: స్టూడెంట్ ఆయిస్టర్ కార్డును ఏజెంటు చేతుల్లో పెట్టకండి

ఈ సెప్టెంబరులో లండన్‌కు చదువుల కోసం వస్తున్న తెలుగు విద్యార్థులు, వారిని అప్పు చేసి పంపుతున్న తల్లిదండ్రులు స్టూడెంట్ ఆయిస్టర్ అనే ఇక్కడి ప్రయాణపు కార్డు కొనే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవాలని కోరుతున్నాను. ఈ విషయంలో నేను నష్టపోయాను. నా తరువాత వచ్చిన మా ఊరి పిల్లలు ఇద్దరు కూడా ఇదే విధంగా నష్టపోయారని తెలిశాక ఊరుకోవడం సరికాదనిపించింది.

నేను 2023 సెప్టెంబరులో ఖమ్మం నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి, తూర్పు లండన్‌లోని బార్కింగ్‌లో మరో నలుగురితో కలిసి ఒక ఇంట్లో దిగాను. విమానాశ్రయం నుంచి తీసుకురావడం, సిమ్ కార్డు ఇప్పించడం, గది చూపించడం వంటి పనులు చేసిపెట్టే ఒక సర్వీసును మా కన్సల్టెన్సీ వారే పరిచయం చేశారు. మనవాళ్లే, తెలుగువాళ్లే, ‘అన్నా’ అని పిలిస్తే పలికేవాళ్లే కాబట్టి అనుమానించాలన్న ఆలోచనే రాలేదు. స్టూడెంట్ ఆయిస్టర్ కార్డు ఉంటే లండన్‌లో బస్సు ఎక్కినా ట్యూబ్ (భూగర్భ రైలు) ఎక్కినా ముప్పై శాతం తగ్గుతుందని, దరఖాస్తు చేయడం చాలా చిక్కుతో కూడిన పని అని చెప్పి, కార్డుకు 55 పౌండ్లు, దానిపై వేసే మూడు నెలల ట్రావెల్‌కార్డుకు (అంటే ఆ కాలమంతా చెల్లే ప్రయాణపు పాసుకు) 470 పౌండ్లకు పైగా నా దగ్గర తీసుకున్నారు. అప్పటి మారకం ప్రకారం ఆ ట్రావెల్‌కార్డు ఒక్కటే దాదాపు 48 వేల రూపాయలు. దరఖాస్తుకు, లండన్ రవాణాను చూసే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సంస్థ వసూలు చేసే రుసుము అప్పట్లో 20 పౌండ్లు మాత్రమేనని, విశ్వవిద్యాలయం ఇచ్చిన నమోదు సంఖ్య, ఒక ఫొటో, బ్యాంకు కార్డు దగ్గర ఉంటే ఎవరైనా ఇంట్లో కూర్చుని ఆ దరఖాస్తు పూర్తి చేయవచ్చని నాకు ఆ తరువాత తెలిసింది.

అయితే అసలు నష్టం ఆ 35 పౌండ్ల దగ్గర లేదు. ఆ కార్డు ఏ టికెట్టుకు తగ్గింపు ఇస్తుందో నాకు ఎవరూ సరిగా చెప్పకపోవడంలో ఉంది.

18 ఏళ్లు దాటిన విద్యార్థులకు ఇచ్చే ఈ ఫొటో కార్డు వల్ల వచ్చే 30 శాతం తగ్గింపు వారం, నెల, అంతకు మించిన కాలానికి కొనే ట్రావెల్‌కార్డులకు, బస్సు-ట్రామ్ పాసులకు మాత్రమే వర్తిస్తుంది. కార్డులో డబ్బు వేసుకుని, ఎక్కినప్పుడల్లా ట్యాప్ చేసి (కార్డును యంత్రానికి తాకించి) ప్రయాణించే పద్ధతిలో మీరు పెద్దలందరిలాగే పూర్తి చార్జీ చెల్లిస్తారు. అంటే తగ్గింపు కావాలంటే ముందుగా పాసు కొనాలి. పాసు కొంటే దానికి తగినన్ని ప్రయాణాలు మీకు ఉండాలి. హైదరాబాదులో బస్ పాసు తీసుకుని రోజూ కాలేజీకి వెళ్లివచ్చిన అలవాటు కొద్దీ మనలో చాలామంది పాసు అంటేనే లాభమని అనుకుంటారు. ఇక్కడ ఎమ్మెస్సీ తరగతులు చాలా కోర్సుల్లో వారానికి రెండు మూడు రోజులే జరుగుతాయన్న సంగతి వచ్చి టైమ్‌టేబుల్ చూసేదాకా తెలియదు.

నా లెక్కనే ఉదాహరణగా చెబుతాను. ఈ చార్జీలు 2023 నాటివి కాబట్టి మీరు ఇప్పటి చార్జీలతో మళ్లీ వేసుకోవాలి. చార్జీల కోసం లండన్‌ను నగర మధ్యం నుంచి బయటికి జోన్లుగా విభజించారు. బార్కింగ్ నాలుగో జోన్‌లో ఉంది, నా తరగతులు నగర మధ్యంలోని ఒకటో జోన్‌లో, మంగళ, గురువారాల్లో ఉండేవి. ఉదయం పదిన్నరకు బయలుదేరితే రద్దీ వేళ దాటిపోతుంది కాబట్టి ట్యూబ్ చార్జీ 3.20 పౌండ్లు, సాయంత్రం ఐదుకు తిరిగి వచ్చేటప్పుడు రద్దీ వేళ చార్జీ 4.40 పౌండ్లు. రోజుకు 7.60, రెండు రోజులకు 15.20 పౌండ్లు. పార్ట్ టైమ్ పనికి వారంలో మూడు రోజులు బస్సులో వెళ్లివచ్చేవాడిని. ఒక్కో బస్సు ప్రయాణం 1.75 పౌండ్లు, ఆరు ప్రయాణాలకు 10.50. మొత్తం కలిపితే వారానికి 25.70 పౌండ్లు, నెలకు సుమారు 112 పౌండ్లు. విద్యార్థి తగ్గింపు పోగా నేను కొన్న ఒకటి నుంచి నాలుగు జోన్ల ట్రావెల్‌కార్డు నెలకు దాదాపు 157 పౌండ్లు పడింది. తగ్గింపు కార్డు కొని నెలకు 45 పౌండ్లు అదనంగా కట్టాను. టర్మ్ జరిగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీసా ఒప్పుకోదు. 23 ఏళ్లు దాటినవారికి అప్పటి కనీస వేతనం గంటకు 10.42 పౌండ్లు. నా తెలియనితనానికి నెలనెలా నాలుగు గంటలకు పైగా చేసిన పని ధారపోశాను.

అదే ట్రావెల్‌కార్డు వారానికి ఐదు రోజులు ఒకటో జోన్‌కు వెళ్లివచ్చే విద్యార్థికి లాభమే. కార్డు చెడ్డదని నేను అనడం లేదు. రోజూ తరగతులు ఉన్నవారు, ల్యాబుకు రోజూ వెళ్లవలసిన పరిశోధక విద్యార్థులు తప్పకుండా తీసుకోవాలి. మిగిలినవారు మొదటి రెండు వారాలు మామూలుగా ట్యాప్ చేస్తూ ప్రయాణించి, ఎంత ఖర్చయిందో చూసి, ఆ తరువాత నిర్ణయించుకోవడం మేలు. ఆ రెండు వారాల్లో పెద్దగా పోయేది ఏమీ ఉండదు, ఎందుకంటే ట్యాప్ పద్ధతిలో రోజుకు ఒకటి, సోమవారం నుంచి ఆదివారం వరకు లెక్కించే వారానికి ఒకటి చొప్పున గరిష్ఠ పరిమితులు ఉంటాయి. అవి దాటాక చార్జీ పడదు. బస్సుల్లోనైతే మొదటిసారి ట్యాప్ చేసిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒక్క చార్జీయే. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి: ఉదయం ఫోనుతో, సాయంత్రం బ్యాంకు కార్డుతో ట్యాప్ చేస్తే, ఖాతా ఒకటే అయినా, యంత్రానికి అవి రెండు వేరు వేరు కార్డులు. పరిమితి లెక్క చెడిపోతుంది, ట్యూబులో అయితే ఎక్కిన చోటు ఒకదానిపై, దిగిన చోటు మరొకదానిపై నమోదై, రెండూ పూర్తికాని ప్రయాణాలుగా లెక్కకు వచ్చి రెండు గరిష్ఠ చార్జీలు పడతాయి.

మాకు ఎవరూ చెప్పని మరో కార్డు ఉంది. అది 16–25 రైల్‌కార్డు. అప్పుడు ఏడాదికి 30 పౌండ్లు, 2025 మార్చి నుంచి 35 పౌండ్లు అయింది. 25 ఏళ్లు దాటినా పూర్తికాలపు విద్యార్థులైతే విశ్వవిద్యాలయం ధ్రువీకరణతో తీసుకోవచ్చు. దీన్ని ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బందిని అడిగి ఆయిస్టర్ కార్డుకు అనుసంధానం చేయించుకుంటే రద్దీ లేని వేళల్లో ట్యూబ్, రైలు చార్జీల్లో మూడో వంతు తగ్గుతుంది. కార్డు కొనడంతోనే తగ్గింపు దానంతట అదే రాదు, అనుసంధానం చేయించుకోవాలి. బ్యాంకు కార్డుతో గానీ ఫోనుతో గానీ ట్యాప్ చేస్తే వర్తించదు. బస్సు చార్జీలకు, రద్దీ వేళలకు వర్తించదు. నాలాగా పగటిపూట బయలుదేరే విద్యార్థికి, బర్మింగ్‌హామ్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న స్నేహితుల దగ్గరకు అప్పుడప్పుడు రైలులో వెళ్లేవారికి ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక నాకు జరిగిన రెండో నష్టం, డబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టింది. ఆ సర్వీసు వారు నా కార్డు ఆన్‌లైన్ ఖాతాను వారి ఈమెయిల్‌తో తెరిచారు. అప్పుడు ఆ సంగతి పట్టించుకోలేదు. నవంబరు చివర్లో ఒక రాత్రి పని ముగించుకుని వస్తూ బస్సులో పర్సు మరిచిపోయాను. ఖాతా నా చేతిలో ఉంటే అదే రాత్రి కార్డు పోయిందని నమోదు చేసి, మిగిలిన ట్రావెల్‌కార్డును కొత్త కార్డుకు మార్పించుకుని ఉండేవాడిని. ఖాతాలోకి వెళ్లే దారి నాకు లేదు. ఆ అన్న మొదటి రోజు ఫోను ఎత్తి ‘చూస్తాను తమ్ముడూ’ అన్నాడు. ఆ తరువాత ఎత్తడం మానేశాడు. కార్డు నాదేనని నిరూపించుకుని కొత్తది తెప్పించుకునేసరికి టర్మ్ ముగిసింది, ఇంకా ఐదు వారాలకు పైగా మిగిలి ఉన్న టికెట్టు వృథా అయింది. అన్ని రోజులూ ప్రయాణాలకు మళ్లీ చేతి డబ్బే పెట్టుకున్నాను.

అర్హత విషయంలో కూడా తొందరపడి ఎవరికీ డబ్బు కట్టవద్దు. చదువుకునే కాలంలో మీ నివాసం లండన్ బరోల్లో (నగరంలోని పాలనా విభాగాల్లో) ఏదో ఒకదానిలో ఉండాలి. అద్దె తక్కువని స్లౌ, లూటన్ వంటి ఊళ్లలో ఉంటూ లండన్‌కు వచ్చి చదివేవారికి ఈ కార్డు రాదు. మీ విద్యాసంస్థ ఈ పథకంలో నమోదై ఉండాలి. కొన్ని సంస్థలు ఉండవు. స్నేహితుడి చిరునామా వేసి కార్డు తెప్పిస్తామని చెప్పేవారిని అసలు దగ్గరకు రానివ్వకండి.

వాట్సాప్ గ్రూపుల్లో ‘చదువు అయిపోయింది, స్టూడెంట్ కార్డు సగం ధరకు ఇస్తాను’ అని పెట్టేవారు కూడా ఉంటారు. ఆ కార్డు మీద ఉన్న ఫొటో మీది కాదు. తనిఖీలో పట్టుబడితే జరిమానా చార్జీ ఒక్కటే 2024 మార్చి నుంచి 100 పౌండ్లు, పైగా ఇతరుల తగ్గింపు కార్డు వాడినందుకు కోర్టు వరకు వెళ్లే అవకాశం ఉంది. వీసా దరఖాస్తులో నేరశిక్షల గురించి అడిగే ప్రశ్న ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంటివాళ్లు పొలం తాకట్టు పెట్టి పంపిన చదువును, నెలకు యాభై పౌండ్లు మిగులుతాయని పణంగా పెట్టకూడదు.

ఇప్పటికే ఇలాంటి సర్వీసుల ద్వారా కార్డు తీసుకున్నవారు కార్డు చేతిలో ఉండగానే ఖాతాలో ఎవరి ఈమెయిల్, ఎవరి ఫోను నంబరు ఉన్నాయో చూసుకోండి. మీవి కాకపోతే కార్డు వెనుక ఉన్న సంఖ్యను, విద్యార్థి గుర్తింపు కార్డును దగ్గర పెట్టుకుని ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వినియోగదారుల విభాగానికి ఫోను చేసి, ఖాతాను మీ పేరుకు మార్చమని అడగండి. విశ్వవిద్యాలయపు లాగిన్ వివరాలు కూడా వారికి ఇచ్చి ఉంటే ఆ పాస్‌వర్డును ముందుగా, ఈ రోజే మార్చుకోండి.