మూడేళ్లు వాడిన వాక్యూమ్ క్లీనర్, దాని దుమ్ము డబ్బా మీద నా కోపం

ఎన్ని వాట్లు, డబ్బా ఎన్ని లీటర్లు, వైరు ఎంత పొడుగు, అవన్నీ అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి నేను రాయట్లా. నేను రాసేదల్లా ఒక్క బటన్ గురించి. దుమ్ము డబ్బాకి ఉంటుంది చూడండి, నొక్కితే అడుగు మూత టక్కున తెరుచుకుని దుమ్మంతా కింద పడిపోయే బటన్, అది. కొనేటప్పుడు షాపతను దాన్నే పదిసార్లు నొక్కి చూపించాడు, చేతికి దుమ్ము అంటదు మేడమ్ అని. చేతికి అంటదు, కరెక్టే. ముక్కు సంగతి అతనూ చెప్పలా నేనూ అడగలా.

నాకు డస్ట్ ఎలర్జీ పెళ్లికి ముందు నుంచే ఉంది. పొద్దున లేవగానే వరసపెట్టి పదీ పదిహేను తుమ్ములు, ముక్కు దిబ్బడ, చలికాలం అయితే రాత్రిళ్లు పిల్లికూతలు. మా గుంటూరు కొత్తపేటలో డాక్టర్ గారు ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి సూదితో గుచ్చే టెస్ట్ చేశారు (దానికి ముందు కొన్ని రోజులు సిట్రిజిన్ ఆపేయమంటారు, ఆ రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు), పావుగంటకల్లా డస్ట్ మైట్స్ చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. పరుపుల్లో దిండ్లలో ఉండి మన ఒంటి మీద రాలే పొట్టు తిని బతుకుతాయంట, కంటికి ఆనవు, పురుగు కన్నా దాని రెట్టతోనే మనకి ఎక్కువ పేచీ అంట. ఆ మాట విన్న రాత్రి దిండు మీద తల పెట్టబుద్ధి కాలా. చీపురుతో చిమ్మితే అదంతా గాల్లోకి లేస్తుంది కదా, అందుకని సన్నటి దుమ్మును కూడా బయటికి పోనివ్వని హెపా ఫిల్టర్ ఉన్నదే కావాలని వెతికి తొమ్మిది వేలు పెట్టి తెచ్చుకున్నాం.

మొదటి రెండేళ్లు దీన్ని తెగ పొగిడా. బ్రాడీపేటలో మా లైన్లో వాళ్ల చేత రెండు కొనిపించా కూడా, తుమ్ములు సగానికి తగ్గాయి కొనుక్కోండి కొనుక్కోండి అని. తగ్గాయి, అందులో అబద్ధం లేదు, కాకపోతే ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే అదే నెలలో పరుపుకీ దిండ్లకీ జిప్పు కవర్లు తొడిగాం, పాత బూరుగు దూది దిండ్లు పారేశాం, దుప్పట్లూ గలీబులూ వారం వారం వాషింగ్ మిషన్లో 60 డిగ్రీల వేడి మీద వేయడం మొదలెట్టా (చన్నీళ్లకి ఈ పురుగు చావదు), డాక్టర్ గారు ముక్కులో కొట్టుకునే స్ప్రే కూడా రాశారు. పైగా పరుపు పైపై దుమ్మే ఇది లాగేది, లోపల పట్టుకుని ఉన్న పురుగుల్ని ఏ మిషనూ లాగలేదు. ఇన్నిట్లో దేని పుణ్యమో నేనైతే చెప్పలేను. అసలు సంగతి ఇంకోటుంది, ఆ రెండేళ్లూ డబ్బా ఖాళీ చేసింది మా ఆయన.

కిందటి జూన్లో ఆయనకి హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. శనివారం రాత్రికి వస్తారు, ఆదివారం ఇల్లంతా మిషను పెట్టి, డబ్బా ఖాళీ చేసి పోయేవాళ్లు. కొన్ని నెలలు అట్లా నడిచింది. మార్చిలో వరసగా రెండు వారాలు రాలేకపోయారు, ఆ రెండు వారాల్లోనే మేం ఏడాదికి సరిపడా కారం పట్టించాం. గుంటూరులో ఉండి కారం ప్యాకెట్ కొంటే మా అత్తయ్య ఊరుకోరు. జాడీల్లోకి ఎత్తుతుంటే నేల మీద ఓ గుప్పెడు ఒలికింది. "తడిగుడ్డ పెట్టి తుడువమ్మాయ్" అని ఆవిడ అంటూనే ఉన్నారు, నేను వినకుండా మిషను పెట్టి లాగేశా. ఒక్క దగ్గు కూడా రాలా. ఈ హెపా అనేది 0.3 మైక్రాన్ల దుమ్మునైనా 99.97 శాతం ఆపుతుందని చెప్తారు కదా, ఆపింది మరి. చూశారా అత్తయ్యా అని కూడా అన్నా.

నాలుగు రోజులకి డబ్బా నిండింది, కారం సంగతి నేను మర్చిపోయా. ఏదో పని మీద ఫోన్ చేసినప్పుడు కస్టమర్ కేర్ వాళ్లు ఆరుబయట ఖాళీ చేసుకోండి మేడమ్ అన్నారు కదా అని డాబా మీదకి తీసుకెళ్లి చెత్త బకెట్ మీద పెట్టి నొక్కా. మూత తెరుచుకుంది, సగం పడింది, మిగతాది జుట్టుతో చుట్టుకుపోయి లోపలే ఇరుక్కుంది, సరే అని పక్కన నాలుగు దెబ్బలు కొట్టా, సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. బూడిద లేచినట్టు లేచి మొహం మీదకే వచ్చింది, కారంతో సహా. కళ్లు, ముక్కు, గొంతు అన్నీ ఒకేసారి. డబ్బా చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయి పిట్టగోడకి కొట్టుకుంది, లోపల మిగిలింది కాస్తా ఆరేసిన దుప్పట్ల మీద, అవి పొద్దున్నే 60 డిగ్రీల్లో ఉతికినవి. అత్తయ్య మెట్లెక్కి వచ్చి చెంబుతో నీళ్లిచ్చారు, ఒక్క మాటన్నా అనలా, ఏదో ఒకటి అనేసినా బాగుండేది. ఆ రాత్రి రెండుసార్లు నెబ్యులైజర్, మూడు రోజులు కాలేజీకి సెలవు.

ఇదండీ నా గోల. పరుపుల మీదా సోఫా సందుల్లో ఉన్నదంతా వారం పాటు పోగేసి ఒకచోట చేర్చి, ఎలర్జీ ఉన్న మనిషి చేతికే ఇచ్చి ఇక నొక్కు అంటుంది. అంత మంచి ఫిల్టర్ పెట్టినవాళ్లకి ఇది తట్టలేదా? కంపెనీకి చెప్తే డిఫెక్ట్ కాదు మేడమ్, ఫీచర్ అన్నారు, మంచిది.

ఇప్పుడు తప్పక నేనే చేయాల్సొస్తే ఎన్95 మాస్కు పెట్టుకుని, డబ్బా మొత్తాన్ని పెద్ద చెత్త కవర్లోకి దించి, కవరు మూతి నా మణికట్టు చుట్టూ బిగించి లోపలే నొక్కుతా, అయిదు నిమిషాలు కదపకుండా పట్టుకుంటా, తర్వాతే బయటికి తీస్తా. ఒకసారి తెలివిగా ముందే నీళ్లు చిలకరించి చూశా, లోపల బురదై జాలీకి పట్టింది, టూత్‌బ్రష్‌తో గీకాల్సొచ్చింది. ఫోమ్ ఫిల్టర్ కడిగితే పూర్తిగా ఆరనివ్వండి, వానాకాలం తొందరపడి పెడితే ఇల్లంతా ముక్కిన వాసన.

బెజవాడలో మా చెల్లెలి దగ్గర బ్యాగ్ మోడల్ ఉంది. నిండిన బ్యాగ్ మూతి మూసి అట్లాగే తీసి పడేయడమే. బ్యాగులు కొంటూ ఉండాలని అప్పట్లో మేం వద్దనుకున్నాం. ఎలర్జీ లేని మనిషి ఇంట్లో ఒకరుండి, ఆ పని వాళ్లు చేస్తానంటే నాలాంటిది కొనుక్కోవచ్చు, లాగడంలో వంక పెట్టలేను. ఒక్కరే ఉండేవాళ్లయితే నేను చెప్పలేను, నా ఒళ్లు వేరు మీ ఒళ్లు వేరు, కొందరికి పుప్పొడి పడదు కొందరికి బొద్దింకలు పడవు, ముందు ఆ టెస్ట్ ఏదో చేయించుకోండి.

నాదైతే ప్రస్తుతం గీత దాకా నిండిన డబ్బాతో తలుపు వెనకాల నిలబడి ఉంది. ఇవాళ గురువారం. ఆయన శనివారం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కి వస్తారు.