పథకాల పోర్టళ్లు, సేవా కేంద్రం, బ్యాంకు: ఏళ్ల తరబడి వాడాక

గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల రైతులకు ప్రభుత్వ అప్పులు, నీటి-నేల సంరక్షణ పథకాలు వెతుక్కునే చోట్లు ప్రధానంగా నాలుగు. మైస్కీమ్ (పథకాలు వెతికే ప్రభుత్వ పోర్టల్), జన్‌సమర్థ్ (ప్రభుత్వ పథకాల అప్పులకు దరఖాస్తు పెట్టే పోర్టల్), ఊళ్లో రైతు సేవా కేంద్రం, బ్యాంకు. అన్నీ వాడి చూశాక తేలిందేమంటే, పథకం పేరు దొరకడం పది నిమిషాల పని. ఆ పేరుకు మన సర్వే నంబరు అతకడమే అసలు పని.

మైస్కీమ్ వయసు, రాష్ట్రం, కులం, ఆదాయం అడిగి జాబితా ఇస్తుంది. ఏమేం ఉన్నాయో ఓసారి చూసుకోడానికి బాగుంటుంది. సర్వే నంబరు మాత్రం అడగదు, కాబట్టి మీ పొలానికి వర్తిస్తుందో లేదో అక్కడ తేలదు. అది తేలేది సేవా కేంద్రంలో. పచ్చిరొట్ట ఎరువుకు వేసే జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలు రాయితీ మీద వచ్చేది ఖరీఫ్‌కు ముందే. నాట్లప్పుడు వెళ్లి అడిగితే ఖాళీ బస్తాలు చూపిస్తారు.

దేనికి దరఖాస్తు పెట్టినా ముందు మీభూమిలో (భూ రికార్డుల వెబ్‌సైటు) 1బి (యాజమాన్య వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) తీసి ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే అక్కడే ఆగుతుంది. భూముల రీసర్వే అయిన ఊళ్లలో ఇంకో చిక్కుంది. పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (భూ కమతం పటం) నంబరు వచ్చింది. బ్యాంకు కాగితాల్లో పాతదే ఉంటుంది, వేసిన పంటను నమోదు చేసే ఈ-క్రాప్‌లో కొత్తది పడుతుంది. రెండూ కలవవు. అన్నదమ్ముల పొలాలు ఒకే ఎల్‌పీఎం కింద పడి ఉంటే దాన్ని విడగొట్టించుకోకుండా అప్పు కోసం తిరగడం చెప్పులరగడానికే. ఈ-క్రాప్‌లో పంట ఎక్కించుకోవడంతో సరిపెట్టొద్దు. వేలిముద్ర వేసి ఈకేవైసీ పూర్తి చేయాలి, కేంద్రంలో జాబితా అంటించినప్పుడు విస్తీర్ణం సెంట్లతో సహా చూసుకోవాలి.

అప్పుల్లో ఇప్పటికీ మొదటి మార్కు కిసాన్ క్రెడిట్ కార్డుకే. 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతం. నిండా 3 లక్షలు వాడితే ఏడాదికి 9,000 తేడా. గడువు దాటితే ఆ తగ్గింపు పోతుంది, అక్కడి నుంచి బ్యాంకు మామూలు వడ్డీ పడుతుంది. మిర్చి అమ్ముడుపోలేదన్న మాట కంప్యూటరుకు వినపడదు.

పరిమితి లెక్క మీరే వేసుకుని వెళ్లండి. ఎకరా స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ (ఆ పంటకు ఎకరాకు ఇంత అప్పు అని నిర్ణయించిన మొత్తం) లక్ష అనుకుంటే రెండెకరాలకు 2,00,000. ఇంటి ఖర్చులకు, కోత తర్వాత ఖర్చులకు 10 శాతం, అంటే 20,000. పనిముట్ల మరమ్మతులకు 20 శాతం, 40,000. మొత్తం 2,60,000, బీమా ప్రీమియం అదనం. తనఖా లేకుండా ఇచ్చే హద్దు 2025 జనవరి నుంచి 2 లక్షలు. కాబట్టి ఈ లెక్కకు పొలం తనఖా అడుగుతారు. తనఖా వద్దనుకుంటే 2 లక్షల లోపే అడగడం మేలు. జన్‌సమర్థ్‌లో దరఖాస్తు పెట్టినా చివరికి బ్రాంచిలో సంతకం తప్పదు. బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు ఏ వారాల్లో పొలాలకు వెళ్తారో ముందే కనుక్కుంటే ఒక తిరుగుడు తగ్గుతుంది.

గిడ్డంగి, ఆరబెట్టే కళ్లం, గ్రేడింగ్ యూనిట్ లాంటివాటికి వ్యవసాయ మౌలిక వసతుల నిధి ఉంది. దుగ్గిరాల పసుపు రైతులకు పనికొచ్చేదే. దీన్ని సబ్సిడీ అనుకుని వెళ్తే నిరాశే. 2 కోట్ల దాకా అప్పు మీద 7 ఏళ్లపాటు 3 శాతం వడ్డీ తగ్గింపు, అంతే. ప్రాజెక్టు రిపోర్టులో ఏడాదికి ఎన్ని క్వింటాళ్లు వస్తాయో నమ్మేలా రాయకపోతే బ్యాంకు దగ్గరే ఆగిపోతుంది.

సంరక్షణ పథకాల్లో డ్రిప్‌కే ఎక్కువ మార్కులు. కేంద్రం లెక్కన చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగతావాళ్లకు 45 శాతం, పైన రాష్ట్రం కలుపుతుంది. అదే పొలానికి మళ్లీ కావాలంటే 7 ఏళ్లు ఆగాలి, అందుకే మొదటిసారే సరిగా బిగించుకోవాలి. కాల్వ నీళ్లకు ఇసుక ఫిల్టరు, ఇసుక పోసే బోరుకు హైడ్రోసైక్లోన్ (నీళ్లను సుడి తిప్పి ఇసుకను వేరుచేసేది). ఇవి కొటేషన్‌లోనే రాయించండి. ఉత్త జాలీ ఫిల్టరుతో సరిపెడితే కాల్వ నాచుకు డ్రిప్పర్లు మూసుకుపోతాయి, లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు) చివర మొక్కలు ముందు వాడతాయి.

కౌలు రైతుకు ఈ దారులన్నీ ఇరుకే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలి. దానివల్ల యజమాని హక్కుకు నష్టమేమీ లేదని చట్టంలోనే ఉన్నా సంతకానికి వెనకాడేవాళ్లే ఎక్కువ. సంతకం దొరికాక కూడా ఆ సర్వే నంబరు మీద యజమాని పంట రుణం ఉంటే కౌలుదారుకు మళ్లీ ఇవ్వరు. అలాంటప్పుడు నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఉమ్మడి బాధ్యత గ్రూపుగా అడగడం కొంత నయం. పత్రం కాలపరిమితి 11 నెలలే, కిందటేడాదిది పట్టుకుని వెళ్తే కౌంటరు దగ్గరే తిరిగి ఇచ్చేస్తారు.