పోలో జీటీకి బ్రేకులు, షాకప్సర్లు మార్చినాక: కడప రోడ్ల మీద ఏళ్లు వాడి రాస్తున్న రివ్యూ

బండి ఏందో ముందు చెప్తా. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, పాత 1.2 టర్బో పెట్రోల్, 7 స్పీడ్ డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కంపెనీ లెక్కలో 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్. నాది స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) కొట్టించి, ఎయిర్ ఫిల్టర్ మార్చిన బండి, అంతకు మించి పెద్ద టర్బో గిర్బో ఏం లేదు. ముందర డిస్కులు, వెనక డ్రమ్ములు, సస్పెన్షన్ ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకప్సర్, స్ప్రింగు కలిసి ఉండేది), వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలను కలిపే దూలం). దీన్ని స్పోర్ట్స్ కార్ అంటే నవ్వేటోళ్లు నవ్వుకోండప్పా, మా ఊర్లో రోజూ తిప్పుకుంటా సరదా కూడా తీర్చుకునే బండి ఇంతకంటే ఏం కావాల.

తిరిగేది యాడ అంటే కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి, ఆడ నుంచి మదనపల్లె, చింతామణి, హోస్కోటె మీదుగా బెంగళూరు. ఇది నా రెగ్యులర్ రూట్. మిగతా రోజుల్లో ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు పక్క, అంటే సిమెంటు లారీలు, బండల లారీలు, రోడ్డంతా దుమ్ము, ఊరికొకటి కొలత లేని స్పీడ్ బ్రేకర్. ఎండాకాలం సంగతి కడపోళ్లకు నేను చెప్పేదేముంది. ఈ రివ్యూ మొత్తం ఈ రోడ్ల లెక్కన చదువుకోండి, ఏ కోయంబత్తూరు ట్రాకులోనో ల్యాపులు కొట్టేటోళ్లకు ఇది పనికిరాదు.

రీమ్యాప్ చేయించిన ప్రతి ఒక్కడూ అడిగే ప్రశ్న ఒకటే, "అన్నా బ్రేకులు పెద్దవి ఏయించాల్నా" అని. నా జవాబు ఎప్పుడూ ఇదే: నీ బ్రేకులకు ఇప్పుడు బలం తక్కువైందా, వేడి ఎక్కువైందా, అది చూసుకో ముందు. గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రం జామ్ కాకుండా చూసేది) టకటకమని కొడుతోందంటే బ్రేకులకు కావల్సినంత బలం ఉన్నట్టే, ఆడ ఆగనిది టైరు. ఇంక నువ్వు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కేవి) కాదు ఆరు పిస్టన్లవి ఏసినా బండి అంతకంటే ముందు ఆగదు. పెద్ద డిస్కు చేసే పని ఏందంటే, పదిసార్లు తొక్కినా పదోసారి కూడా మొదటిసారి లాగే పట్టుకోవడం. రీమ్యాప్ బండికి రెండు మలుపుల మధ్యలో స్పీడ్ ఎక్కువ వస్తాది, 80లో తొక్కేకాడ 100లో తొక్కుతాం, 20 పెరిగిందిలే అనుకుంటాం గానీ స్పీడుకు వర్గం లెక్క కాబట్టి వేడి ఒకటిన్నర రెట్లు దాటిపోతాది.

ఘాట్ దిగేటప్పుడు ఇంకో లెక్క. వంద మీటర్ల ఎత్తు దిగినామంటే, ఆ దిగేదంతా బ్రేకుల మీదనే దిగితే, 100 స్పీడు నుంచి సున్నాకు రెండున్నర సార్లు ఆపినంత వేడి డిస్కులకు చేరతాది. బండి బరువుతో సంబంధం లేదు, రెండు పక్కలా బరువు కొట్టేసుకుపోతాది, ఇంటర్ ఫిజిక్స్ చదివినోళ్లు ఏసుకుని చూసుకోవచ్చు. గాలి, ఇంజిన్ కొంత పట్టుకుంటాయి గానీ డీఎస్‌జీని డీలో పెట్టి దిగితే అది పై గేర్లోకి పోయి కూచుంటాది, ఇంజిన్ బ్రేకింగ్ సగం పోయినట్టే. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు ఘాట్ మొదట్లోనే మాన్యువల్‌లోకి ఏసి రెండో గేరో మూడో గేరో పట్టుకుని దిగండి. రూపాయి ఖర్చు లేని బ్రేక్ అప్‌గ్రేడ్ ఇది.

డబ్బు పెట్టే వాటిలో నేను ఫస్ట్ మార్చింది బ్రేక్ ఆయిల్, ఇప్పటికీ ఇదే చెప్తా. ఆయిల్ గ్రేడుల్లో డాట్ 3 కొత్తది 205 డిగ్రీలకు మరుగుతాది, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260, ఇవి కనీసం ఉండాల్సిన లెక్కలు. కానీ ఈ ఆయిల్ గాల్లో తేమ పీలుస్తాది, నీళ్లు కలిసినాక డాట్ 4 లెక్క 155కు పడిపోతాది. ఆడికొచ్చినాక ఘాట్లో గట్టిగా నాలుగు తొక్కులు పడితే క్యాలిపర్లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు తయారైతాయి, ఆవిరి నొక్కితే నలుగుతాది కాబట్టి పెడల్ మెత్తగా కిందికి పోతాది. ప్యాడ్లు వేడెక్కి ఫేడ్ అయితే, అంటే పట్టు తగ్గితే, పెడల్ గట్టిగానే ఉంటాది, బండే ఆగదు. ఆయిల్ మరిగితే పెడలే ఉండదు. ఈ రెండూ వేరే వేరే జబ్బులు, మందులు కూడా వేరే, చానామంది రెండింటికీ కలిపి "బ్రేకులు ఫేడ్ అయినాయి" అని చెప్పి డిస్కులు కొనుక్కుంటారు. నేను మోట్యుల్ ఆర్‌బీఎఫ్ 600 పోయించినా, డ్రై బాయిలింగ్ (తేమ పట్టని కొత్త ఆయిల్ మరిగే వేడి) 312 డిగ్రీలు, డాట్ 4 రకమే కాబట్టి పాత సిస్టంతో ఏ గొడవా లేదు. కంపెనీ రెండేళ్లకోసారి అంటాది గానీ ఇట్లాంటి రేసింగ్ ఆయిల్‌ను నేను ఏడాదికోసారి వానలు తగ్గినాక మార్పిస్తా. డాట్ 5 అని సిలికాన్‌ది ఒకటి ఉంటాది, నంబర్ పెద్దది కదా అని దాన్ని మాత్రం ఏబీఎస్ బండికి పోయొద్దు, 5.1 వేరు 5 వేరు.

ఆయిల్ మార్చేటప్పుడు ఒక సంగతి, మామూలుగా ఇద్దరు కూచుని పెడల్ కొట్టి బ్లీడ్ చేస్తే (పాత ఆయిల్, గాలి బయటికి తీస్తే) సరిపోతాది, కానీ లైన్ (బ్రేక్ ఆయిల్ గొట్టం) విప్పి ఏబీఎస్ పంపులోకి గాలి పోయిందంటే వీసీడీఎస్ లాంటి స్కానర్ పెట్టి పంపు తిప్పి తీయాల్సిందే. స్కానర్ లేని షాపులో లైన్లు విప్పనీయొద్దు. నాకు స్టీల్ బ్రెయిడెడ్ లైన్లు ఏసిన ఒక షాపులో (ఊరు పేరు ఎందుకులే) స్కానర్ లేకుండానే పని చేసి "కొత్తవి కదా, సెట్ అయితాయి" అని పంపించినారు. మెత్తటి పెడల్ తిరగతిరగ సెట్ కాదు సార్, గాలి దానంతట అది బయటికి రాదు. వేరే చోట మళ్లీ చేయించుకున్నా. లైన్ల వల్ల తేడా ఉందా అంటే ఉంది, పెడల్ ఇంకొంచెం గట్టిగా, ఎంత తొక్కితే అంత అన్నట్టుగా వచ్చింది. ఆగే దూరం మాత్రం తగ్గలేదు. మీ రబ్బరు హోసులు పాతబడి పగుళ్లు వచ్చింటే ఏయించండి, బాగుంటే ఆ డబ్బు టైర్లకు దాచుకోండి.

ప్యాడ్లు. ఇక్కడే జనాలు ఎక్కువ దెబ్బతినేది. రేసింగ్ ప్యాడ్ అంటే ఇంకా బాగా పడుతుందనుకుంటారు, అది వేడెక్కినాకనే పడుతుంది, పొద్దున్నే ఇంట్లోంచి తీసి ఏడు రోడ్ల సర్కిల్ కాడ ఆటో అడ్డమొస్తే చల్లటి ప్యాడ్ పట్టుకోదు. రోడ్డు బండికి కావాల్సింది చల్లగా ఉన్నప్పుడు మొదటి తొక్కుకే పట్టేది, వేడిలో కొంచెం ఎక్కువ సేపు నిలబడేది, అంతే. ఫెరోడో డీఎస్ 2500 అందరూ పొగుడుతారు, నేను దాన్ని వాడి చూసినా, ఘాట్లో అద్భుతం, పెడల్ మీద ఎంత కంట్రోల్ అంటే కాలి బొటనవేలితో బండిని ఆపినట్టుంటాది. కాకపోతే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాది, అల్లాయ్‌లు వారానికే నల్లగా అయితాయి. ట్రాక్‌కు, రోడ్డుకు మధ్యలో ఉండే ప్యాడ్ అది, ఈ రెండూ దాంతో వచ్చేవే. మా అమ్మ అయితే "ఏమిరా ఇన్ని లక్షలు పోసి కొని పాత ఎర్రబస్సు మాదిరి కూతపెడ్తాంది" అనింది. రోజూ ఇంట్లోవాళ్లు ఎక్కే బండి అయితే దానికంటే ఒక మెట్టు కింద స్ట్రీట్ స్పోర్ట్ ప్యాడ్ తీసుకోండి, నేను కూడా రెండో సెట్టుకు ఆడికే వచ్చినా.

ఏ ప్యాడ్ అయినా బెడ్డింగ్ (కొత్త ప్యాడ్‌ను డిస్కుకు అలవాటు చేయడం) చేయకుండా రివ్యూ చెప్పొద్దు. ఖాళీ రోడ్డులో 80 నుంచి 20 దాకా ఓ మోస్తరు గట్టిగా, పూర్తిగా ఆపకుండా, వరసగా ఎనిమిది పది సార్లు, ఆ తర్వాత బ్రేకు తొక్కకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనీయాల. వేడి మీద బండి ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ మెటీరియల్ డిస్కుకు ఒకే చోట అంటుకుంటాది, అప్పుడు స్టీరింగ్ ఊగుతాది, జనం డిస్క్ వంకరపోయింది అని టర్నింగ్‌కు పంపిస్తారు. చాలాసార్లు అది వంకర కాదు, అంటుకున్న మచ్చ. డూప్లికేట్ ప్యాడ్లు కూడా ఆన్‌లైన్‌లో బాగా తిరుగుతున్నాయి, సగం ధరకు దొరికిందంటే డౌట్ పడండి.

ఆయిల్, ప్యాడ్లతోనే నా ఘాట్ సమస్య, అంటే దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కేది, దాదాపు తీరిపోయింది, నిజం చెప్పాలంటే ఆడ ఆగిపోయినా అయ్యేది. 288 ఎంఎం డిస్కులు తర్వాత ఏయించినా, నలుగురు ఎక్కి లగేజీతో బెంగళూరు నుంచి దిగొచ్చేటప్పుడు ఇంకా కొంచెం నమ్మకం కావాలని. 16 ఇంచుల వీల్స్ లోపల ఇబ్బంది లేకుండా కూచున్నాయి. ఇందులో చూసుకోవాల్సింది క్యాలిపర్ పిస్టన్ సైజు, స్టాక్‌కు (కంపెనీ ఇచ్చినదానికి) దగ్గర్లో ఉండాల. పిస్టన్ పెద్దదైతే పాత మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేది) పెడల్ ఎక్కువ దూరం పోతాది, బ్రేకింగ్ మొత్తం ముందుకే వాలిపోతాది, వెనక డ్రమ్ములు ఊరికే కూచుంటాయి. రంధ్రాలు పొడిచిన డిస్కులు ఏసుకోవద్దు, రంధ్రాల కాడ నుంచి పగుళ్లు వస్తాయి, చూడ్డానికి తప్ప మన అవసరానికి ప్లెయిన్ వెంటిలేటెడ్ చాలు. వెనక డ్రమ్ముల్ని డిస్కులు చేయిస్తా అనేటోళ్లు స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే ఇరుసు మొన), హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు అన్నీ మార్చాల, అయినా గట్టిగా తొక్కినప్పుడు బరువంతా ముందుకొచ్చే బండిలో వెనక చేసే పని తక్కువే. డ్రమ్ములు విప్పి దుమ్ము దులిపించి అడ్జస్ట్ చేయించుకోండి, ఎర్రగుంట్ల రోడ్డు దుమ్ముకు అది అవసరం.

ఇంక సస్పెన్షన్. మన కుర్రోళ్లకు సస్పెన్షన్ అప్‌గ్రేడ్ అంటే బండి కిందికి దించడం. స్ప్రింగులు మాత్రం పొట్టివి ఏసి, షాకప్సర్లు పాతవే ఉంచితే ఏమైతాదో ఫ్రెండ్ బండిలో పక్కన కూచుని చూసినా. స్ట్రట్‌కు ఉండే ప్రయాణం అంతంత మాత్రం, 40 ఎంఎం దించితే అందులో పెద్ద ముక్క పోతాది, ప్రతి గుంతకీ బంప్ స్టాప్ (చివర్లో తగిలే రబ్బరు) మీద కూచుంటాది, గట్టి స్ప్రింగును పాత డంపర్ (అంటే షాకప్సరే) పట్టుకోలేక బండి రెండు మూడుసార్లు ఊగుతాది, కొంతకాలానికి సీలు లీకు. ఇంకోటి, మాక్‌ఫర్సన్ బండిని బాగా దించితే లోయర్ ఆర్మ్ చక్రం పక్క పైకి లేస్తాది, రోల్ సెంటర్ (మలుపులో బండి ఒరిగేటప్పుడు తిరిగే బిందువు) బండి బరువు కేంద్రం కంటే ఎక్కువ కిందికి పడిపోతాది, దాంతో మలుపులో ఒరిగే బలం ఇంకా పెరుగుతాది. అంటే మలుపుల కోసమని దించి, ఆ ఒరుగుడు ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగులు కొనుక్కోవడం. మా టైర్ల భాయ్ ఆ బండి చూసి "అబ్బీ, ఇది స్పీడ్ బ్రేకర్ దాటాలంటే క్రేన్ తెప్పియ్యాల" అన్నాడు, తప్పేం లేదు.

నేను ఎంచుకునేటప్పుడు ముందర పెట్టుకున్నవి ఇవి. బిల్‌స్టైన్ బీ6 అంటే స్టాక్ స్ప్రింగులకు సరిపోయే మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) షాకప్సర్. బీ8 అదే గానీ పొట్టిది, దించే స్ప్రింగుల కోసం. బీ14 ఎత్తు తిప్పుకునే కాయిలోవర్ (స్ప్రింగు, షాకప్సర్ కలిసి వచ్చే సెట్టు), డంపింగ్ (ఊగుడు ఆపే గట్టితనం) తిప్పడానికి లేదు. కేడబ్ల్యూ కంపెనీ కాయిలోవర్లలో వీ1కు ఎత్తు ఒక్కటే తిప్పుకోవచ్చు, వీ2కు దాంతోపాటు రీబౌండ్ (షాకప్సర్ సాగేటప్పటి గట్టితనం), వీ3కి రీబౌండ్, కంప్రెషన్ (నొక్కుకునేటప్పటిది) రెండూ. వీ3 కొని నాబ్ ఒక్కసారి కూడా తిప్పనోళ్లు నాకు తెలుసు, లక్ష దాటి పోసింటారు. కోనీ స్పెషల్ యాక్టివ్ మెత్తగా కావాల్సినోళ్లకు మంచి పేరుంది, నేను వాడలేదు కాబట్టి దాని గురించి మాట్లాడను.

నేను బీ6 మీద ఆగినా, స్టాక్ స్ప్రింగులతో. ఎత్తు అట్లనే ఉంది, ఫోటోల్లో ఏం తేడా కనపడదు, లైకులు రావు. కానీ రాయచోటి దాటి రోడ్డు బాగున్నకాడ 100 మీద పోతాంటే బ్రిడ్జి జాయింట్ వస్తే ముందు బండి లేచి మళ్లీ కూచునేది, ఇప్పుడు ఒక్కసారి కొట్టి అక్కడికి అయిపోతాది. ఘాట్లో ఎడమ మలుపు నుంచి కుడికి తిప్పేటప్పుడు బరువు అటునుంచి ఇటు మారేది నిదానంగా, తెలిసేటట్టుగా మారతాది, లారీ వెనక నుంచి బయటికి వచ్చేటప్పుడు దీనంత ధైర్యం ఇంకేదీ ఇయ్యలేదు. అప్పుడే బ్రేకింగ్ కూడా బాగైంది, ఇది నేను ఊహించలేదు. గతుకుల రోడ్డులో గట్టిగా తొక్కితే పాత డంపర్లతో చక్రం ఎగిరి ఏబీఎస్ ముందే కొట్టేది, ఇప్పుడు చక్రం రోడ్డును వదలదు. బ్రేకులకు పెట్టిన డబ్బు మొత్తం కంటే ఇది ఎక్కువ పని చేసిందని ఒక్కోసారి అనిపిస్తాది.

బాగలేనిది ఏందంటే ఊర్లో 20, 30 స్పీడులో గతుకులు బాగా తెలుస్తాయి. వన్ టౌన్ సందుల్లో పోతే వెనక సీటు వాళ్లు మనల్ని తిట్టుకుంటారు. వాడినకొద్దీ కొంచెం మెత్తబడింది గానీ స్టాక్ మాదిరి ఎప్పటికీ కాదు. నలుగురు కూచుంటే మాత్రం స్టాక్ కంటే నయం.

ఫిట్టింగ్‌లో మూడు సంగతులు షాపోళ్లకు దగ్గరుండి చెప్పండి. పై మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు, డస్ట్ కవర్లు అప్పుడే కొత్తవి ఏయించేయండి, లేబర్ ఒకటే, తర్వాత టకటక శబ్దం వచ్చి మళ్లీ విప్పడం కంటే మేలు. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు బండి నేల మీద కూచున్నాకనే ఫైనల్ టైట్ చేయాల, లిఫ్ట్ మీద చక్రాలు వేలాడేటప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చినిగిపోతాది. ఆ తర్వాత అలైన్‌మెంట్, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) చూపించే ప్రింట్ తీసుకుని రండి. కాయిలోవర్లే కావాలనేటోళ్లు మరలకు మన దుమ్ము, వాన తడి పట్టి బిగుసుకుపోతాయని గుర్తుపెట్టుకుని అప్పుడప్పుడు కడిగి గ్రీజు పెట్టుకోవాల.

కాయితాల సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేటట్టు బండి మార్చకూడదని. ప్యాడ్లు, ఆయిల్, అదే ఎత్తులో డంపర్లు అనేవి అరిగిపోతే మార్చే సామాన్లే, దాంట్లో ఎవరూ నన్ను అడగలేదు. ఇన్సూరెన్స్ వాళ్లకు మాత్రం మార్చినవన్నీ రాసిచ్చి పెట్టుకున్నా, రీమ్యాప్‌తో సహా, ప్రీమియం కొంచెం పెరిగినా క్లెయిమ్ కాడ గొడవ పడే ఓపిక నాకు లేదు.

ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే నా వరస ఇది: ముందు మంచి టైర్లు, అదే సైజులో గ్రిప్ ఉన్నవి, అరిగిన టైర్ల మీద ఏ బ్రేకు రివ్యూ కూడా నమ్మొద్దు. తర్వాత ఆయిల్, ప్యాడ్లు. ఆ తర్వాత డంపర్లు. 288 డిస్కులు అన్నిటికంటే చివర, అదీ ఘాట్లో లోడుతో తిరిగేటోళ్లకే. ఈసారి గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినప్పుడు దిగి, కాళ్లు చాపుకుంటా ముందు చక్రం పక్కకు చెయ్యి తీసుకుపోయి చూడండి, తాకొద్దు, సెగ ఎంత కొడ్తాందో చూడండి. ఆ తర్వాత మీ బండికి ఏం కావాలో నన్ను అడగండి, చెప్తా.