‘స్ట్రెయిట్ ఫిట్’ స్టిక్కరు చూసి ప్యాంటు కోయించకండి: యాభై దాటినవాళ్లకు హెచ్చరిక

ఈమధ్య ప్యాంట్లు కొనబోతున్న నా వయసు మగవాళ్ల కోసం ఇది రాస్తున్నా. విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఒక పెద్ద షోరూంలో నాకు జరిగింది. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయను. ఇలాంటిదే వేరే ఊళ్లో కూడా అయిందని ఆఫీసులో ఒకరిద్దరు అన్నారు, అందుకని షాపు పేరు కంటే వాళ్ల పద్ధతి తెలియడమే ముఖ్యం.

ముందు అసలు సంగతి. ట్యాగ్ మీద ‘స్ట్రెయిట్ ఫిట్, 36, రూ. 1,899’ అని ఉన్న జీన్స్ రెండు తీసుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే ఒకదాని స్టిక్కరు మూల కాస్త లేచి ఉంది. గోటితో పీకితే కింద కంపెనీవాళ్లు అచ్చువేసిన మాట వేరే ఉంది: ‘లూజ్ ట్యాపర్డ్’. అంటే తొడ, మోకాలు దగ్గర గోనెసంచిలా వదులుగా ఉండి, పాదం దగ్గరికొచ్చేసరికి సన్నబడే రకం. ఇంటర్ పిల్లలు, బీటెక్ పిల్లలు వేసుకుంటున్నారే, అదే. రెండోదాని స్టిక్కరు కింద కూడా అదే మాట. కుర్రాళ్ల కోసం తెప్పించి అమ్ముడుపోని మోడళ్లకు, పెద్దవాళ్లు అడిగే పేరు అంటించి మన అరలో పెట్టేశారన్నమాట.

వేసుకుని చూసినప్పుడు తెలియలేదా అని అడుగుతారు. కిటుకంతా అక్కడే ఉంది. ట్రయల్ రూములో అద్దం నుంచి రెండడుగులు వెనక్కి జరగడానికి చోటుండదు. బయట పెద్ద అద్దం ఉంది గానీ, దాని ముందు కాలేజీ పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. సేల్స్ కుర్రాడు వచ్చి, వంగి, కింద మూడంగుళాలు లోపలికి మడిచి గుండుసూదులు పెట్టేశాడు. అలా మడిచేసరికి సన్నబడే భాగం లోపలికి పోతుంది, కాలు తిన్నగా ఉన్నట్టే కనిపిస్తుంది. మోకాలు దగ్గర ఇంత లూజేంటి బాబూ అంటే, “కొత్త గుడ్డ కదా అంకుల్, ఒక్క ఉతుక్కి సెట్టయిపోద్ది. మీ ఏజ్ వాళ్లంతా ఇదే తీసుకుంటున్నారు” అన్నాడు. ఆ ‘మీ ఏజ్’ అనే మాట కాస్త గట్టిగానే అన్నాడు. పిల్లలు ఫోను దించి చూశారు. ఆ చూపు పడ్డాక ఎవరికైనా త్వరగా బిల్లు కట్టి బయటపడదామనే ఉంటుంది. వాళ్ల వ్యాపారం నడిచేది ఆ తొందర మీదే. “ఆల్టరేషన్ ఫ్రీ అంకుల్, పది నిమిషాలు” అంటూ ప్యాంటును మిషను దగ్గరికి పంపేస్తారు. కత్తెర పడిందా, ఇక వాపసు లేదు. బిల్లు వెనక చిన్నక్షరాల్లో ఆ షరతు ఉంటుంది.

నా అదృష్టం, మిషను దగ్గర రద్దీగా ఉండి ఒకటే కోశారు. రెండోది తర్వాత తెమ్మన్నారు. కోయని ప్యాంటు చేతిలో ఉండబట్టే కొలతలతో సహా నిరూపించగలిగాను.

మా ఇంట్లో బాగా నప్పే పాత ప్యాంటు ఒకటుంది. దానికి మోకాలు చుట్టుకొలత 18 అంగుళాలు, బాటమ్ 16న్నర. తేడా ఒకటిన్నర అంగుళమే, స్ట్రెయిట్ అంటే అలా ఉండాలి. వీళ్లిచ్చినదానికి మోకాలు 23, బాటమ్ 15. ఎనిమిది అంగుళాల తేడా ఉన్నదాన్ని స్ట్రెయిట్ అంటారా? పైగా పొడుగు కుర్రాళ్ల లెక్కకు కత్తిరించింది కాబట్టి, మోకాలి దగ్గర ఉండాల్సిన వెడల్పు నాకు పిక్క మీదికి జారుతుంది. కింద కోయిస్తే ఆ సన్నటి భాగం కాస్తా పోయి, మిగిలింది కుర్రాళ్లకూ పనికిరాదు, మనకూ పనికిరాదు. కోసినదాన్ని మా అబ్బాయికి ఇవ్వబోతే ఒకసారి ఎత్తి చూసి, “షేపంతా పోయింది నాన్నా, ఎవరేసుకుంటారు” అని మంచం మీద పడేశాడు.

లూజు ప్యాంట్లు మనకు కొత్తేం కాదులెండి. 70ల్లో మా అన్నయ్య బెల్‌బాటమ్ వేసుకుని బయల్దేరితే, “వీధి ఊడ్చే పని తప్పించావురా” అనేవారు మా నాన్న. 1989లో నేను డిగ్రీలో చేరేసరికి ప్లీట్లు పెట్టిన బ్యాగీలు. బాటమ్ ఎంత పెట్టాలో టైలరుకి మనమే చెప్పేవాళ్లం, మరీ వదులుగా కుట్టాడని ఇంట్లో తిట్లు మనమే తినేవాళ్లం. 2000 దాటాక లో వెయిస్ట్ వచ్చింది, ఆ తర్వాత పెన్సిల్ కట్. ఇవన్నీ వచ్చినా పోయినా షాపులో ఒక మూల మామూలు ప్యాంట్ల అర ఉండేది. మనం నేరుగా అక్కడికి వెళ్లి, నడుము సైజు చెప్పి, కొనుక్కుని వచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ అర ఖాళీ అవుతోంది, దాని మీద బోర్డు మాత్రం అలాగే ఉంది. కుర్రాళ్లు ఏం వేసుకున్నా నాకు పేచీ లేదు. వాళ్లకు బాగానే ఉంటుంది కూడా. మన పొట్ట కింద అదే ప్యాంటు జారి, సీటు తొడల మధ్యకు వేలాడుతుంది. వయసైపోయిందని నాకూ తెలుసు, దాన్ని అడ్డం పెట్టుకుని నాకు తప్పుడు సరుకు అంటగట్టడం మాత్రం ఒప్పుకోను.

కొనేముందు టేపు పట్టుకెళ్లండి, సిగ్గుపడకండి. 36 అనే అంకెను నమ్మొద్దు. ఆ రెండు జీన్స్ నడుము కొలిస్తే ఒకటి 37న్నర, ఇంకోటి 38 దాటింది. ఒక్కో బ్రాండుది ఒక్కో లెక్క. మన దేశం వాళ్ల ఒంటి కొలతలతో సొంత సైజు చార్టు తయారుచేయడానికి నిఫ్ట్ (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ) ‘ఇండియాసైజ్’ పేరుతో సర్వే పెట్టుకుంది. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ కూడా ఒకటి, 25 వేల మంది కొలతలు త్రీడీ స్కానర్లతో తీయాలని లక్ష్యం. ఆ చార్టు మనం కొనే షాపు దాకా వచ్చేవరకు మన టేపే మనకు దిక్కు. ఇంట్లో నప్పే ప్యాంటును మంచం మీద పరిచి నడుము, తొడ, మోకాలు, బాటమ్ కొలిచి ఫోన్లో రాసుకోండి. రైజ్ కూడా కొలవండి, అంటే ముందువైపు కాళ్ల కుట్లు కలిసే చోటు నుంచి నడుము పట్టీ దాకా. పొట్ట ఉన్నవాళ్లకు నడుము కంటే అదే కీలకం.

ట్రయల్ రూములో నిలబడి చూసుకోవడం సరిపోదు, గొంతుక్కూర్చుని లేవండి. మరీ వెడల్పు బాటమ్ రకాలైతే బండి మీద వెళ్లేవాళ్లు ఇంకోసారి ఆలోచించండి, కిక్ రాడ్‌కి తగులుకుంటే పడిపోతాం. ముదురు నీలం జీన్స్ రంగు దిగడం మాత్రం షాపువాడి తప్పు కాదు. ఇండిగో నూలు పైపొరకే పట్టుకుంటుంది, రాసుకుంటే వదులుతుంది. దాని మీద గొడవపడి లాభం లేదు.

ఇక స్టిక్కరు సంగతి. బిల్లు కట్టేముందే ధర స్టిక్కరు కింద ఏముందో చూపించమనండి. ఇంటికొచ్చాక పీకేటట్లయితే వీడియో తీస్తూ పీకండి. నా దగ్గర వీడియో ఉండబట్టే మేనేజరు “స్టిక్కరింగ్ మిస్టేక్ సార్” దగ్గరికి వచ్చాడు, అంతకుముందు అసలు ఆ సరుకు తమది కాదన్నాడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు నాణ్యత, స్టయిల్, మోడల్ గురించి తప్పుగా చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వననడం కూడా అంతే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడ మీద బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఇది మారదు. ఆన్‌లైన్లో కొన్నవాళ్లకు 2020 ఈ-కామర్స్ నియమాలు ఉన్నాయి. ప్రకటనలో చెప్పినట్టు సరుకు లేకపోతే అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు రాగానే షోరూం మేనేజరు గొంతులో ‘అంకుల్’ పోయి ‘సార్’ వచ్చింది. కోయని ప్యాంటుకు క్రెడిట్ నోట్ ఇస్తామన్నారు. క్రెడిట్ నోట్ తీసుకుంటే మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి, అందుకే వద్దని గట్టిగా కూర్చుంటే డబ్బు వెనక్కి వేశారు. కోసినదానికి సగం ఇస్తామంటున్నారు. నేను ఒప్పుకోలేదు, ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

ఈలోగా బిట్టు కొని కుట్టించుకుందామని చూస్తున్నా. మా వీధి టైలరు స్కూలు యూనిఫాంలు తప్ప ముట్టుకోవడం మానేశాడు. గవర్నర్‌పేట, సత్యనారాయణపురం వైపు ముందు రెండు ప్లీట్లు పెట్టి, నడుము దగ్గర నిలిచేలా ప్యాంటు కుట్టే టైలరు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కుట్టుకూలి ఎంత తీసుకుంటున్నాడో కూడా రాయండి.