కైసరయ స్కిప్ అన్నాడు మా గైడు

మనిషికి 1,38,000 రూపాయలు కట్టి 2023 ఫిబ్రవరిలో పరిశుద్ధ దేశ యాత్రకి వెళ్లాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, అత్తయ్య. బెత్లెహేము, గలిలయ బాగానే జరిగాయి, వాటి గురించి రాసినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. నా మంటంతా ఏడో రోజు గురించే.

ఆ రోజు ప్రోగ్రాంలో బైబిల్లో వచ్చే రెండు సముద్రతీర పట్నాలు, యొప్పే (ఇప్పటి జాఫా), కైసరయ ఉన్నాయి. పొద్దున్నే బస్సు ఒలీవ చెక్క బొమ్మల షాపు దగ్గర ఆగింది. ఇరవై నిమిషాలన్నాడు గైడు, గంటా నలభై నిమిషాలు కదల్లేదు. షాపువాళ్లు ఆయనకి మాత్రం టీ మీద టీ ఇస్తున్నారు. మళ్లీ బస్సెక్కాక మైకులో చెప్పాడు: "టైం లేదు బ్రదర్స్, ఆ రెండూ స్కిప్." నేను లేచి అడిగితే, "అక్కడ రాళ్లు తప్ప ఏముంది బ్రదర్?" అన్నాడు. బస్సు మొత్తంలో ఇంకొక్కరు నోరెత్తలేదు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

ఏముందంటే ఏం చెప్పను? మనం అన్యజనులం, అంటే యూదులు కానివాళ్లం కదండీ. మొదట్లో ఈ యేసు మార్గం యూదులదే. రెండు రోజుల ముందే ఇజ్రాయెల్ మ్యూజియంలో ఒక రాతి ముక్క చూశాం. యెరూషలేము దేవాలయం లోపలి ఆవరణలోకి అన్యుడెవడైనా అడుగు పెడితే వాడి చావుకి వాడే బాధ్యుడని గ్రీకులో చెక్కిన హెచ్చరిక అది. పూర్తి రాయి ఇస్తాంబుల్‌లో ఉందట. అలాంటి కాలంలో యేసు శిష్యుడు, యూదుడైన పేతురు కైసరయలో రోమా శతాధిపతి (సైనికాధికారి) కొర్నేలీ గడప దాటి లోపలికి వెళ్లాడు. ఆ గడపే లేకపోతే మా ఊరి చర్చి ఎక్కడిది? మా ఊళ్లో ఒకటి కాదు, రెండున్నాయి. రెండెందుకో అడక్కండి.

ఆఖరి రెండు రాత్రులు టెల్ అవీవ్‌లో బస. శనివారం ఫ్రీ డే, ఆ రెండు ఊళ్లూ మేమే చూసొద్దామనుకున్నాం. యూదుల విశ్రాంతి దినం సబ్బాతు కాబట్టి రైళ్లు లేవు. టాక్సీ అతను 850 షెకెల్‌లు అడిగితే బావమరిది బేరమాడి 700కి దించాడు. షెకెల్ అప్పుడు దాదాపు 23 రూపాయలు, అంటే పదహారు వేలు. మా ఆవిడ ముఖం మాడిపోయింది. "అదే డబ్బుతో అమ్మాయికి గొలుసు వచ్చేది" అంది దారి పొడుగునా.

యొప్పే నుంచి బయల్దేరిన పేతురు మర్నాటికి కైసరయ చేరాడు. మాకు గంట పట్టింది. టికెట్ మనిషికి 39 షెకెల్‌లు. హేరోదు రాజు కట్టించిన రేవు ఇప్పుడు చాలావరకు నీళ్లకింద ఉంది. సముద్రం వైపు తిరిగిన నాటకశాల, గుర్రప్పందేల మైదానం చూడదగ్గవి. యేసుకి శిక్ష వేసిన రోమా గవర్నరు పిలాతు పేరున్న రాయి 1961లో దొరికింది, దానికి అక్కడ నకలు పెట్టారు, అసలుది ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. కొర్నేలీ ఇల్లు ఫలానాదని చూపించేవాళ్లు మాకెవరూ తగల్లేదు. అత్తయ్య నాటకశాల మెట్ల మీద కూర్చుని బైబిల్లో ఈ కథ ఉన్న అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం పైకే చదివింది. గాలికి పేజీలు ఎగిరిపోతుంటే బావమరిది వేలితో నొక్కి పట్టుకున్నాడు. పాతకాలపు నీళ్ల కాలువ వంతెన ఉన్న బీచ్‌కి టికెట్ లేదు, అది వదలకండి.

తిరిగొచ్చి యొప్పేలో దిగాం. పేతురు బస చేసిన, చర్మకారుడైన సీమోను ఇల్లని చెప్పే చోటు లైట్‌హౌస్ పక్క సందులో ఉంది. యూదులు తినని జంతువులతో ఒక దుప్పటి ఆకాశం నుంచి దిగి, తినమని స్వరం వినబడ్డ దర్శనం పేతురుకి కలిగింది సీమోను ఇంటి మిద్దె మీదే. ఎవరిదో సొంత ఇల్లు, తలుపు మూసే ఉంటుంది. ఫోటో తీసుకుని రావడమే. కానీ ఆ తలుపు ముందు నిలబడితే నాకొకటి తట్టింది. పచ్చి తోళ్ల కంపు కొట్టే ఇంట్లో పేతురు చాలా రోజులున్నాడు. మన దగ్గర తోలు పని చేసేవాళ్ల ఇళ్లు ఊరికి ఎంత దూరంలో ఉండేవో తెలుసుగా. కొర్నేలీ మనుషులు పిలవడానికి రాకముందే సగం దూరం నడిచేశాడన్నమాట.

ఆకలికి అక్కడే ఒక చిన్న హోటల్లో హమ్ముస్ (ఉడికించిన శనగల ముద్ద) తిన్నాం. ప్లేటు 38 షెకెల్‌లు. వేడి రొట్టె, ఊరబెట్టిన దోసకాయ, నాలుగు ముక్కలుగా కోసిన పచ్చి ఉల్లిపాయ. ఆ ఉల్లిరేకుతోనే ముద్ద తీసుకోవాలని మా డ్రైవర్ చేసి చూపించాడు. ఆయన ముస్లిం, యొప్పే మనిషే. బయటే నిలబడితే అత్తయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఏడు రోజులు బ్రెడ్డులో గోంగూర పచ్చడే నంజుకున్న మనిషి ఆయన ప్లేటులోంచి రొట్టె తుంచుకుని తింది. "పేతురుకి దుప్పటి దిగింది, నాకు శనగల ముద్ద దిగింది అల్లుడుగారూ" అంది నవ్వుతూ. మా ఆవిడ కూడా నవ్వింది, ఆ రోజు మొదటిసారి.

వెళ్లేవాళ్లకి నా మాట: కైసరయకి మూడు గంటలు రాసిమ్మని డబ్బు కట్టకముందే అడగండి. చివరి రోజు గైడు టిప్పు తప్పనిసరంటూ మనిషికి 50 డాలర్ల చొప్పున కవర్లు పంచాడు. మా నలుగురి కవర్లూ ఖాళీగానే ఇచ్చాం. ఎయిర్‌పోర్ట్‌లో మా వైపు చూడలేదు.