రెండోసారి చదివిన మూడు నవలలు

మొదటిసారి చదివినప్పుడు నవల మీద ఏర్పడే అభిప్రాయాన్ని నేను పెద్దగా నమ్మను. తరవాత ఏమవుతుందోనన్న ఆత్రంలో రచయిత తప్పులూ కనబడవు, పనితనమూ కనబడదు. కథంతా తెలిశాక కూడా పేజీ తిప్పించిందంటే అందులో సరుకున్నట్టే. ఈమధ్య మూడు పాత నవలలను అలా మళ్ళీ చదివాను.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నిజాం నాటి తెలంగాణ పల్లె కథ. బతుకుతెరువు వెతుక్కుంటూ విజయవాడ వైపు నుంచి వచ్చిన సంగీతకారుడు పాణి కళ్ళతో దొర గడీనీ, వెట్టినీ, దొరల ఇళ్ళలో దాసీలుగా పడి ఉండే ఆడబాపల బతుకునూ చూస్తాం. దొర కూతురు మంజరితో అతని ప్రేమ ఒకప్పుడు బాగా నచ్చింది. ఈసారి ఆ పేజీలు గబగబా తిప్పేశాను. సినిమా వాసన కొడుతున్నాయి (తరవాత సినిమాగా వచ్చింది కూడా). నిలబడింది మాత్రం దొరకూ కరణం వెంకట్రావుకూ మధ్య నలిగే ఊరు. కొట్టేవాడు ఒకడు, కాగితం మీద కొల్లగొట్టేవాడు ఇంకొకడు. మొదటివాణ్ణి చూస్తే కోపం వస్తుంది, రెండోవాణ్ణి చూస్తే భయం వేస్తుంది. పాత్రల నోట తెలంగాణ మాట, మధ్యలో ఉర్దూ సహజంగా దొర్లుతాయి. అలవాటు లేనివాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

రావిశాస్త్రి ‘అల్పజీవి’ రెండోసారి ఇంకా పదునెక్కింది. గుమాస్తా సుబ్బయ్యకు ఆఫీసులో పైవాడంటే భయం, బావమరిది అంటే భయం, కాంట్రాక్టరు గవరయ్య అంటే మరీ భయం. సంఘటనలు తక్కువ, కథంతా అతని బుర్రలోనే నడుస్తుంది. అందుకే కథ తెలిసినా నష్టం లేదు. మొదట జాలిపడ్డ చోటల్లా ఈసారి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆ నవ్వు మన మీదికే తిరిగింది. అప్పు అడిగేవాడి ముందు నోరు పెగలని మనిషి, ఇంటికొచ్చాక ఎన్ని జవాబులు కూర్చుకుంటాడో తెలియనిదెవరికి? ఉపమానం మీద ఉపమానం పేర్చడం రావిశాస్త్రి అలవాటు. వరసగా చదివితే విసుగొస్తుంది, కొంచెం కొంచెంగా చదువుకుంటే రుచి.

ఇక కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు రాసిన ఈ చిన్న నవలలో ముసలివాడికి పేరు కూడా లేదు. మందలోని చూలు పంది తిరిగి రాలేదని పొద్దుగూకే వేళ అడవిలోకి వెళతాడు. అది పొదలో ఈనింది. ఈనిన పంది యజమానినైనా దగ్గరకు రానివ్వదు, మీద పడుతుంది. వదిలేసి వస్తే నక్కలు పిల్లల్ని బతకనివ్వవు. దగ్గరకు పోలేడు, దూరంగానూ పోలేడు. ఆ నాలుగడుగుల దూరంలోనే రచయిత రాత్రంతా నడిపిస్తాడు. ఏ ఆకు కదిలితే ఏమిటో, గాలి ఎటు తిరిగితే నక్క ఎటు నుంచి వస్తుందో ముసలివాడు లెక్కలు వేస్తుంటే మనమూ ఊపిరి బిగబడతాం. ముగింపు తెలిసి చదివినా ఆ బిగింపు తగ్గలేదు. అక్కడక్కడా అతని ఆలోచనలు ఆ మనిషికి మించిన వేదాంతంలోకి జారతాయి. వాటిని కోసేసి ఉంటే ఇంకా బాగుండేది.

దీన్ని అమెరికన్ రచయిత హెమింగ్వే రాసిన ముసలి జాలరి కథ ‘ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ’తో పోల్చడం అందరికీ అలవాటు. పోలిక లేదనను. కానీ ఆ జాలరి చేపను పట్టుకోవడానికే సముద్రం మీదికి వెళ్ళాడు. ఇతను కాపాడాల్సిన ప్రాణి, ఇతన్ని చంపగల ప్రాణి ఒకటే. పగ పట్టడానికి కూడా వీల్లేదు. ఆ ఇరకాటం నాకు ఆ కథలో దొరకలేదు.