చర్చ పేజీలో వాదన: తెలుగు వికీపీడియాలో చాలాకాలం గడిపాక

తెలుగు వికీపీడియాలో ఏళ్ల తరబడి రాస్తున్నాను. చదవడానికి వచ్చేవాళ్లలో చాలామంది వ్యాసం పైనున్న ‘చర్చ’ ట్యాబు నొక్కనే నొక్కరు. అసలు వాదనంతా అక్కడే జరుగుతుంది. అందరికీ పనికొచ్చే సంగతైతే రచ్చబండ అనే ఉమ్మడి చర్చా పేజీలో పెడతారు. గట్టిగా వాదించుకోవడానికి ఆన్‌లైన్లో ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. అలాగని ఇబ్బందులు లేకపోలేదు.

ఒక తగవు చెబుతాను. 1930ల్లో నల్లగొండ వైపు పల్లెలో పుట్టిన రచయిత ఉన్నారనుకోండి. వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెలో జన్మస్థలం దగ్గర ఏ రాష్ట్రం రాయాలి? ఒకరు తెలంగాణ అని రాస్తారు. ఇంకొకరు వచ్చి, ఆయన పేరు తెచ్చుకున్నదంతా 1956కీ 2014కీ మధ్య, కాబట్టి ఆంధ్రప్రదేశ్ అని మారుస్తారు. పుట్టిన నాటికి ఆ రెండూ లేవు, అది నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానం అంటారు మూడో ఆయన. ముగ్గురి మాటా నిజమే, అందుకే వాదన అంత వేడెక్కుతుంది. ‘హైదరాబాద్ సంస్థానం, ఇప్పటి తెలంగాణ’ అని రెండూ రాస్తే గొడవ సద్దుమణుగుతుంది. కానీ అక్కడిదాకా రావడానికి ఓపిక కావాలి.

ఆ ఓపికను నిలబెట్టేది ‘చరిత్ర’ ట్యాబు. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో అందులో ఉంటుంది. చర్చలో రాసినదాని కింద సంతకం పడుతుంది. వాట్సాప్‌లో అయితే పంపిన మెసేజ్‌ను పదిహేను నిమిషాల లోపు మార్చేయొచ్చు, ముందు ఏముందో ఎవరికీ కనబడదు. ఇక్కడ మాట మార్చినా పాత మాట అలాగే ఉంటుంది. అందుకే జనం ఆచితూచి రాస్తారు. ‘నువ్వెవరు చెప్పడానికి’ అనే బదులు ‘మూలం ఏది’ అని అడుగుతారు.

ఆ మూలం దగ్గరే నాకు మనసు కష్టపెట్టే సంగతి ఉంది. ఊరి చెరువు ఎవరు తవ్వించారో, జాతర ఎలా మొదలైందో పెద్దవాళ్ల నోటనే ఉంది, ఏ పుస్తకంలోనూ లేదు. కొత్తగా వచ్చిన కుర్రాడు అది రాస్తాడు. ‘ఆధారం చూపాలి’ అని మూస (ముందే తయారుగా ఉండే హెచ్చరిక గుర్తు) పడుతుంది, తర్వాత ఆ వాక్యమే పోతుంది. ‘మా ఊరి సంగతి మాకు తెలియదా?’ అని అడుగుతాడతను. న్యాయమైన ప్రశ్నే. నియమం కూడా సబబైనదే, అది లేకపోతే ప్రతి ఊరికీ నాలుగు కథలు తయారవుతాయి. కానీ జవాబుగా నియమం లింకు ఒక్కటే పడేస్తే అతను మళ్లీ రాడు. స్థానిక పత్రికలో వచ్చిందేమో, జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసే గెజిటీర్‌లో ఉందేమో చూడమని రెండు ముక్కలు చెబితే చాలామంది నిలబడతారు.

ఇంకో సమస్య మౌనం. బూతులు, తిట్లు తక్కువే, వాటిని నిర్వాహకులు చూసుకుంటారు. మంచి ప్రతిపాదన పెడితే ఇద్దరో ముగ్గురో పలుకుతారు, ఆపైన చప్పుడుండదు. ఏకాభిప్రాయం కావాలంటే అభిప్రాయం చెప్పేవాళ్లు ఉండాలి కదా! 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. వేల గ్రామాల పేజీలు దిద్దాల్సిన అలాంటి పనికి నలుగురి వాదన చాలదు.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఎవరి మార్పునైనా రద్దు చేసేటప్పుడు కారణం రాసే పెట్టెను ఖాళీగా వదలొద్దు. నేను చూసిన పెద్ద తగవుల్లో చాలావరకు ఆ ఖాళీ పెట్టె దగ్గర మొదలైనవే.